మంచుకొండపై మలుపు ఎవరి చేతిలో నున్నది?

1955వ సంవత్సరము జనవరి 30వ తేదీన అమెరికాలోని యూటా రాష్ట్రమున, ఆల్టా అను మంచుకొండపై స్కీ పందెము జరుగుచుండెను. జిల్ కిన్మాంట్ అను పదునెనిమిదేండ్ల యువతి మహావేగముతో దిగుచు అదుపు తప్పి పడిపోయెను. మెడవద్ద వెన్నుపాము దెబ్బతినుటచే భుజముల క్రింది శరీరము చాలవరకు చచ్చుబడెను. అప్పటికామె స్లాలమ్, అనగా జెండాకొయ్యల నడుమ వంపులు తిరుగుచు దిగు పందెమున, తన దేశమునకు విజేత. ఆమె బొమ్మను ముఖపత్రముపై అచ్చువేసిన స్పోర్ట్స్ ఇల్లస్ట్రేటెడ్ పత్రిక సంచికపై జనవరి 31వ తేదీ యున్నది. ప్రమాదమునకు మరునాటి తేదీ అది.

ఈ వృత్తాంతమును ఇ. జి. వాలెన్స్ 1966లో గ్రంథముగా వ్రాసెను. లారీ పియర్స్ దర్శకత్వమున అది 1975లో ‘ది అదర్ సైడ్ ఆఫ్ ది మౌంటెన్’ అను చలనచిత్రమాయెను. 1978లో దాని రెండవ భాగము వెలువడెను. వికలాంగులు, స్కీయింగు అను మాటలు ఒకచోట కలిసినప్పుడు సామాన్య ప్రేక్షకుని మనస్సులో మెదలు భావమును ఇటువంటి కథలే చాలవరకు దిద్దినవి. కావున ఆ భావమును పరీక్షించుట ఈ చిత్రముతో మొదలిడుట మేలు.

చిత్రములో మెచ్చదగిన ఘట్టమొకటి కలదు. ఆసుపత్రిలో నున్న జిల్‌ను చూడవచ్చిన ప్రియుడు ఆమె తిరిగి నడువగలదని ఆశపెట్టుకొని యుండును. ఆమె ఎంతో కాలము సాధనచేసి నేర్చినదానిని గర్వముగా అతనికి చూపును: ఒక బంగాళాదుంప వేపుడు ముక్కను తన చేతితో నోటికి అందించుకొనుట. అతని ముఖము వాడిపోవును. శరీరశాస్త్ర దృష్టితో చూచిన ఆ ముక్క కదలిక సామాన్యమైనది కాదు. మిగిలిన కొద్ది కండరములతో క్రొత్త పద్ధతిన ఒక పనిని సాధించుట అది. ప్రియునికి మాత్రము ‘నడచుట’ అను ఒకే కొలబద్ద తెలియును. ఈ రెండు కొలబద్దల ఘర్షణను దర్శకుడు చక్కగా పట్టెను. కాని తరువాత చిత్రము ఆ త్రోవను వదలి, ప్రేమ, మరణము, ధైర్యము అను సులభమైన త్రోవను పట్టినది. కొండ ఇక ఆమెకు మూసికొనిపోయినదనియు, అట్లు మూసినది విధియనియు ప్రేక్షకుడు నమ్మి ఇంటికి పోవును.

కిన్మాంట్ జర్మను భాషలో పట్టము పొంది, ఉపాధ్యాయ శిక్షణ ముగించి, దీర్ఘకాలము పాఠము చెప్పినది. తన సొంత ఊరగు బిషప్‌లో 1975 మొదలు 1996 వరకు ప్రత్యేక విద్యాబోధకురాలిగా పనిచేసినది. కనుక చిత్రములోని ధైర్యము కల్పితము కాదు. లోపము మరియొకచోట నున్నది. మెడ క్రింద చచ్చుబడినవారు కూర్చొని జారదగిన సాధనము 1975లో లేదు. దానిని చూపలేదని చిత్రమును తప్పుపట్టుట న్యాయము కాదు. కాని సాధనము లేకుండుట వేరు, కొండ మూసికొనిపోవుట వేరు. మొదటిది ఇంజనీరుకు అప్పగింపవలసిన సమస్య. రెండవది కన్నీటికి అప్పగించునది. ఆ సమస్యను ఇతరులు అప్పటికే ముప్పది సంవత్సరములుగా, ఒక్కొక్క అంశముగా, విప్పుచుండిరి.

రెండవ ప్రపంచయుద్ధము యూరపులో వేలమంది యువకుల కాళ్ళను తీసికొన్నది. వారిలో ఆస్ట్రియా, జర్మనీ పర్వత ప్రాంతములవారికి స్కీయింగు వినోదము మాత్రమే కాదు, శీతకాలపు నడక కూడ. సెప్ జ్విక్‌నాగెల్ అను ఆస్ట్రియా దేశస్థుడు చేతిబాంబు ప్రేలుటచే రెండు కాళ్ళును కోల్పోయి, కృత్రిమ పాదములపై తిరిగి స్కీయింగు నేర్చి, తుదకు కిట్స్‌బ్యూల్‌లో ఇతరులకు నేర్పు బోధకుడాయెను. 1948లో ఆస్ట్రియాలోని బాడ్‌గాస్టైన్‌లో వికలాంగుల స్కీ పోటీ జరుగగా అందు 17 మంది పాల్గొనిరి. 1976లో స్వీడన్‌లోని ఓర్న్‌షోల్డ్స్‌విక్ పట్టణమున మొదటి శీతకాల పారాలింపిక్ క్రీడలు జరిగినవి. కాలు, చేయి తీసివేయబడినవారును, దృష్టిలేనివారును వానిలో పోటీపడిరి. కూర్చొని జారువారికి స్కీ పందెములలో స్థానము 1988 ఇన్స్‌బ్రుక్ క్రీడలలో గాని లభింపలేదు. నిలుచువారికిని కూర్చొనువారికిని నడుమ ఇన్ని సంవత్సరముల ఎడమేల? ధైర్యము కొరవడుట చేత కాదు. స్కీ అను వస్తువు ఎట్లు పనిచేయునో తెలిసికొన్న కారణము తేటపడును.

స్కీ పొడవైన పలక. శరీరపు బరువును ఎక్కువ వైశాల్యముపై పరచుటచే అది మంచులో దిగబడనీయదు. నునుపైన అడుగుభాగము ఘర్షణను తగ్గించును. ఇంతవరకు అది మన పిల్లలు ఇసుకదిబ్బలపై జారు తాటిమట్ట వంటిదే. తాటిమట్ట వాలు ఎటున్న అటు పోవును. స్కీ అట్లు పోదు. దాని నడుము సన్నముగా, రెండు కొసలు వెడల్పుగా నుండి, ప్రక్కలకు ఉక్కు అంచులుండును. పలకను ఒక అంచుపై ఒరగబెట్టి నడుమ బరువు మోపిన, అది ధనుస్సువలె వంగి, ఆ వంపు వెంట మంచును కోయుచు తిరుగును. వేగము తగ్గించుటయు సాధారణముగా ఈ మలుపు వలననే. అనగా ఒరగబెట్టు శక్తి ఎవరిదో, మలుపు వారిది. మలుపు ఎవరిదో, వేగము వారిది.

ఎంత ఒరగవలెనో లెక్క కట్టవచ్చును. సెకనుకు 10 మీటర్ల వేగముతో 20 మీటర్ల వ్యాసార్థముగల వంపు తిరుగువానికి కావలసిన అభికేంద్ర త్వరణము, వేగవర్గమును వ్యాసార్థముచే భాగింపగా, సెకనుకు సెకనుకు 5 మీటర్లు. ఇది గురుత్వ త్వరణములో సుమారు సగము. కావున అతడు నిలువునకు దాదాపు 27 డిగ్రీలు లోపలికి ఒరగవలెను. అదే వంపులో వేగము రెండింతలైనచో త్వరణము నాలుగింతలై, ఒరగుడు 64 డిగ్రీలకు పెరుగును. కాళ్ళున్నవాడు ఈ ఒరగుడును చీలమండ, మోకాలు, తుంటి, ఈ మూడు కీళ్ళతో పంచుకొనును. ఎగుడుదిగుడులు వచ్చినప్పుడు కుదుపును మ్రింగునవియు ఆ కీళ్ళే. వికలాంగుని సాధనమును విమర్శించుటకు ఇదియే గీటురాయి: పోయిన కీళ్ళ పనిని అది ఎంతవరకు తీర్చుచున్నది? తీర్చి, ఆ పనిపై అధికారమును ఎవరి చేతికిచ్చుచున్నది? జారువాని చేతికా, వెనుకనున్నవాని చేతికా?

ఒంటికాలివాని సాధనము ఈ గీటురాయిపై బంగారమే. ఒక కాలికి మామూలు స్కీ. రెండు చేతులకు మోచేతి ఊతకర్రలు. ఆ కర్రల కొసలకు చిన్న స్కీ ముక్కలు. వీనిని అవుట్‌రిగ్గరులందురు. మంచుపై మూడు జాడలు పడుటచే ఈ పద్ధతికి ‘త్రీ ట్రాక్’ అని పేరు. రెండు కాళ్ళుండి అవి బలహీనమైనవారు రెండు స్కీలు, రెండు అవుట్‌రిగ్గరులతో ‘ఫోర్ ట్రాక్’ అగుదురు. చిన్న స్కీని త్రాడు లాగి పైకి మడిచినచో అవుట్‌రిగ్గరు మరల ఊతకర్రయగును. వెనుక కొసనున్న పండ్లు మంచులో గ్రుచ్చుకొని ఆపుటకు పనికివచ్చును. ఇందు ఖరీదైన యంత్రమేమియు లేదు. ఉన్న కాలి మోకాలును, చీలమండయు మలుపును శాసించును. చేతులు తూకమును మాత్రము కాపాడును. అధికారము పూర్తిగా జారువానిదే. నేల ఎట్టిదో ఎరిగి చేసిన సాధనమునకు ఈ సరళత వచ్చును. 1960ల చివర జయపూరులో శిల్పి రామచంద్ర శర్మయు, డాక్టరు పి. కె. సేథియు కలిసి చేసిన రబ్బరు పాదము ఇందుకు మనకు దగ్గరి సాక్ష్యము. చెప్పులు లేక నడచుట, క్రిందకూర్చొనుట, తడిపొలములో దిగుట, ఈ మూడును దృష్టిలో నుంచుకొని అది పుట్టినది.

కూర్చొనువాని సమస్య ఇంతకన్న కఠినము. అతనికి మూడు కీళ్ళును లేవు. 1970లలో వచ్చిన తొలి కూర్చొను స్కీలు పడవ ఆకారపు గుల్లలు. గాజుపీచుతో చేసిన గుల్లలో కూర్చొని, చేతులలోని పొట్టి కర్రలతో మంచును తాకుచు, శరీరమును వంచి త్రిప్పుటకు ప్రయత్నింపవలెను. వీనిలో ప్రసిద్ధమైన ‘అరోయా’ను నిర్మించిన పీటర్ ఆక్సెల్సన్ తానే వెన్నుపాము దెబ్బతినినవాడు. అతడు వైమానికదళ విద్యార్థిగా నుండగా కొండ ఎక్కుచు పడిపోయెను. అది 1975, అనగా కిన్మాంట్ చిత్రము వెలువడిన సంవత్సరమే. తరువాత అతడు స్టాన్‌ఫర్డ్‌లో ఇంజనీరింగు చదివి, తనకు కావలసిన వస్తువును తానే గీచుకొనెను. చలనచిత్రము చెప్పని కథ ఇదియే.

ఐనను గుల్లను గుల్లగానే విమర్శింపవలెను. వెడల్పైన అడుగు మంచులో దిగబడదు, బోల్తాపడుట తక్కువ. కాని అదే వెడల్పు ఒరగబెట్టుటకు అడ్డము. గట్టి మంచుపై అది తాటిమట్టకు అన్న. అందుచే వెనుక బోధకుడు తాడు పట్టుకొని రావలసివచ్చెను. క్షేమము లభించినది, మలుపు సగమే లభించినది.

1980లలో వచ్చిన మోనోస్కీ ఈ లోపమును తీర్చినది. పేరుకు తగినట్లు అడుగున స్కీ ఒక్కటే, అది మామూలు స్కీయే. దానిపై లోహపు చట్రము, చట్రముపై స్ప్రింగు, స్ప్రింగుపై శరీరమునకు సరిపోవునట్లు చేసిన తొట్టివంటి ఆసనము. చట్రపు అడుగు స్కీ బూటు ఆకారముననే యుండి మామూలు బిగింపులో ఇమిడిపోవును. చేతులలో పొట్టి అవుట్‌రిగ్గరులు. మొదటిసారి చూచువానికి ఇది నిలువనేరని వస్తువుగా తోచును. నిజమే, నిలిచియున్నప్పుడు అది పడును; సైకిలును అట్లే. కదలునప్పుడు ఆ పడు స్వభావమే ఒరగుటకు సాయపడును.

ఆసనపు ఎత్తు ఇందు సూక్ష్మమైన విషయము. ఆసనము ఎత్తైనకొలది గరిమనాభి పైకి పోయి తూకము కష్టమగును. కనుక తక్కువ ఎత్తే క్షేమమని తోచును. కాని పైన కట్టిన లెక్కను జ్ఞాపకము చేసికొనవలెను. ఆసనము మరీ క్రిందనున్నచో కొంత ఒరగగనే తొట్టి ప్రక్క మంచును తాకి, స్కీ అంచు లేచిపోవును. 27 డిగ్రీలకు చాలిన ఎత్తు 64 డిగ్రీలకు చాలదు. పందెగాడు ఎత్తైన ఆసనమును కోరుటయు, క్రొత్తవానికి పొట్టి ఆసనము నిచ్చుటయు ఈ కారణముననే. అయితే క్రొత్తవాడు ఎల్లప్పుడు క్రొత్తవాడుగా నుండడు. మొదటి వారమున మేలుచేసిన ఆసనమే మూడవ ఏట అతని చదువును ఆపుచున్నదని గ్రహింపని కేంద్రములలో, తప్పు విద్యార్థి భుజబలముపై పడుచుండును.

స్ప్రింగు మోకాలికి బదులు. స్ప్రింగు ఒక్కటే యున్న చాలదు. అది కుదుపులోని శక్తిని దాచి తిరిగి ఇచ్చును. జారువాడు బంతివలె ఎగురును. ఆ శక్తిని వేడిగా మార్చు నూనెగొట్టము దాని ప్రక్కనే యుండవలెను. మోటారుసైకిళ్ళకుండు షాక్ అబ్జార్బరు వంటిదే ఇక్కడను పనిచేయును. ఉపాధ్యాయులకు తరగతిలో పనికివచ్చు లెక్క ఇందున్నది. బరువుచే స్ప్రింగు 5 సెంటీమీటర్లు క్రుంగినదనుకొన్న, దాని డోలనకాలము సుమారు 0.45 సెకను. సెకనుకు 10 మీటర్ల వేగముతో పోవువానికి గుట్టలు నాలుగున్నర మీటర్లకొకటిగా తగిలినచో ప్రతి గుట్టయు డోలనమునకు సరిగా ఊపు నిచ్చును. అనునాదముచే ఊగిసలాట పెరిగిపోవును. నూనెగొట్టము లేనిచో ఎట్టి నేర్పరియు ఆసనమున నిలువలేడు. పెద్దవాని బరువునకు బిగించిన స్ప్రింగుపై పిల్లవానిని కూర్చొనబెట్టిన, అది అసలు క్రుంగదు. ప్రతి కుదుపును అతని వెన్నునకే చేరును. ఇట్టి చోట ‘పిల్లవాడు భయపడుచున్నాడు’ అనుట కన్న స్ప్రింగును చూచుట మంచిది.

తొట్టి విషయము ఇంకను ముఖ్యమైనది. బూటు వదులైన స్కీ మాట వినదు. కూర్చొనువానికి తొట్టియే బూటు. వెన్నుపాము ఎంత ఎత్తున దెబ్బతిన్నదో దానినిబట్టి మొండెము కండరములు ఎన్ని మిగిలినవో నిర్ణయమగును. ఛాతీ ఎత్తున దెబ్బతిన్నవానికి ఎత్తైన వీపుపలకయు, పట్టీలును కావలెను. నడుము ఎత్తున దెబ్బతిన్నవానికి అవే సంకెళ్ళు. అతనికున్న ప్రక్కవంపును అవి హరించును. మరియొక సంగతి. స్పర్శ తెలియని చర్మముపై తొట్టి అంచు గంటలకొలది ఒత్తిన పుండు పడును, చలికి పాదములు గడ్డకట్టినను తెలియదు. నొప్పి అను కాపలాదారు లేనిచోట ఆ కాపలా బోధకుడును, విద్యార్థియు కలిసి చేయవలెను. మెత్తని వస్తువును ఎక్కువగా కుక్కిన పుండు తప్పును గాని మలుపు చెడును. ఈ రెంటి నడుమ కుదిరిన తొట్టియే మంచి తొట్టి.

మోనోస్కీలోని ఇంకొక భాగమును చాలమంది చూడరు. కొండపైకి పోవు వ్రేలాడు కుర్చీ నేలకు ఎత్తుగా నుండును. పొట్టి ఆసనమునుండి దానిపైకి పోవుట ఎట్లు? చట్రమును ఒక మీట ద్వారా పైకి లేపి, కుర్చీ వెనుకనుండి రాగానే అందులో జరిగి కూర్చొను ఏర్పాటు చేయబడినది. దీనికిని ఆక్సెల్సన్ కృషి కారణము. దిగుటలో స్వాతంత్ర్యమును పొగడు వ్యాసములు పైకెక్కుటకు ఇద్దరు మోయవలసివచ్చు సంగతిని మరచును. ఒకరు మోసి కూర్చొనబెట్టువరకు వేచియుండువాడు దిగునప్పుడెంత వీరుడైనను, రోజులో ఎన్నిమారులు దిగవలెనో నిర్ణయించువాడు అతడు కాడు.

చేతులలోను, మొండెములోను బలము చాలనివారికి ‘బైస్కీ’ కలదు. ఆసనము క్రింద రెండు స్కీలు, రెండును కలిసి ఒరగును. ఆధారము వెడల్పు, పడుట తక్కువ. వెనుకనుండి బోధకుడు రెండు తాళ్ళతో నడిపించును. బోధన అను విషయము ఇక్కడ యంత్రమంత ముఖ్యమగుచున్నది. తాడు రెండు పనులు చేయగలదు. అవసరమైనప్పుడు ఆపుట ఒకటి. ఎల్లప్పుడు త్రిప్పుట రెండవది. మొదటి రకపు తాడు మన ఊళ్ళలో అద్దె సైకిలు నేర్పువాడు వెనుక సీటు పట్టుకొని పరుగెత్తుట వంటిది. ఎప్పుడు వదలినాడో నేర్చువానికి తెలియదు. వెనుకకు చూచి తెలిసికొని పడును, మరల లేచును. రెండవ రకపు తాడుతో విద్యార్థి సామానుమూటగా కొండ దిగును. క్రింద చప్పట్లు కొట్టుదురు, ఛాయాచిత్రము తీయుదురు. మలుపులన్నియు బోధకునివే. నల్లబల్లపై లెక్క తానే చేసి, పిల్లలచేత ఎక్కించి, ‘చేసినారు’ అని సంతోషపడు ఉపాధ్యాయుడు దీనిని వెంటనే గుర్తుపట్టగలడు.

మొదటి దినమున మూటగా దిగుటలో తప్పులేదు. గాలి ముఖమునకు తగులుటయే ఒక అనుభవము. తీవ్రమైన వైకల్యముగలవారిలో కొందరికి అదియే కోరినది కావచ్చును. తప్పెక్కడనగా, రెండవ సంవత్సరమునను తాడు అదే బిగువుతో నుండి, దానిని పాఠమని పిలుచుటలో. విద్యార్థి తల త్రిప్పుటచే స్కీ కొద్దిగా ఒరగినచో బోధకుడు ఆ ఒరగుడును కనిపెట్టి, తాడును ఆ క్షణమున వదులు చేయవలెను. అప్పుడు తల త్రిప్పుటకును, మలుపునకును కల సంబంధము విద్యార్థికి తెలియును. కార్యకారణ సంబంధము తెలియకున్న అది ప్రయాణమే గాని పాఠము కాదు.

అమెరికాలో ఈ బోధన వ్యవస్థగా పెరుగుటకు రెండు కారణములు చెప్పుదురు. వియత్నాం యుద్ధమునుండి కాళ్ళు కోల్పోయి తిరిగివచ్చిన సైనికులకై 1967లో అంగచ్ఛేదమైనవారి స్కీ సంఘమొకటి ఏర్పడినది. 1970లో కొలరాడోలోని వింటర్ పార్క్‌లో, డెన్వర్ పిల్లల ఆసుపత్రినుండి వచ్చిన 23 మంది పిల్లలకు హాల్ ఓలియరీ అను బోధకుడు పాఠము చెప్పెను. ఆ ఒక్క కార్యక్రమము నుండియే అక్కడి జాతీయ వికలాంగ క్రీడాకేంద్రము పెరిగినది. ఓలియరీ తన అనుభవమును ‘బోల్డ్ ట్రాక్స్’ అను గ్రంథముగా ప్రకటించెను. నేర్పు పద్ధతి కాగితముపైకి వచ్చుట చిన్న సంగతి కాదు. నేర్పరియైన బోధకుడు చనిపోయిన అతని నేర్పు పోవును. వ్రాసిన పద్ధతిని మరియొకడు దిద్దవచ్చును.

చూపులేనివారి విషయమున సాధనము మాటయే. దారిచూపువాడు ముందు జారుచు రేడియో ద్వారా చెప్పుచుండును. పోటీలో గెలిచిన ఇద్దరికిని పతకమిత్తురు. ఇది న్యాయమైన ఏర్పాటు. బొత్తిగా చూపులేని తరగతివారు వెలుతురు చొరని నల్ల కళ్ళద్దములు ధరింపవలెనను నియమము కూడ న్యాయమే. కాని పాఠశాల దశలో ‘ఎడమకు’, ‘కుడికి’ అను ఆజ్ఞలు మాత్రము నేర్చినవాడు మరియొకని కాళ్ళతో జారును. ‘వాలు తగ్గుచున్నది, ముందు మంచు గట్టిగా నున్నది’ అని చెప్పిన నిర్ణయము అతనిదగును. పందెములో అంత తీరిక లేదు, నేర్చునప్పుడు కలదు.

పోటీల నియమములలో గుణకము అను పద్ధతి విమర్శకు లోనుకాదగినది. 2006 ట్యూరిన్ క్రీడలనుండి స్కీ దిగువారిని నిలుచువారు, కూర్చొనువారు, దృష్టిలోపముగలవారు అని మూడు వర్గములు చేసిరి. ఒక్కొక్క వర్గములో వేర్వేరు వైకల్యములవారుందురు గావున, వారి నిజకాలమును ఒక గుణకముచే హెచ్చింతురు. గుణకము 0.80 అయినవాడు 60 సెకనులలో దిగిన, అతనికి 48 సెకనులుగా ఎంతురు. (ఈ అంకెలు ఉదాహరణకు మాత్రమే.) ఊహ మంచిది, ఇది లేనిచో కొన్ని తరగతులకు పోటీయే యుండదు. ఐతే గుణకము శరీరమును చూచి ఇచ్చునది, ఫలితము శరీరమును సాధనమును కలిసి తెచ్చునది. గాలిసొరంగములో పరీక్షించిన తొట్టి, తన బరువునకు తగిన స్ప్రింగు గలవాడును, ఇతరులు వాడిన పాత చట్రముపై వచ్చినవాడును ఒకే తరగతివారైన వారికి గుణకము ఒక్కటే. మోనోస్కీ ధర వేల డాలర్లలో నుండును. కావున గడియారము కొలుచునది ఎవరి వైకల్యమునో, ఎవరి ధనమునో విడదీయుట కష్టము. పాత పందెముల కాలములనుండి గుణకము కట్టునప్పుడు ఈ కల్తీ గుణకములోనికే చేరును. భౌతికశాస్త్ర ప్రయోగశాలలో ఇట్టి కొలతను పరికరదోషము కలిసిన కొలతయని పిల్లలచేత కొట్టివేయింతుము.

చివరగా, చేతులును లేనివాని సంగతి. కిన్మాంట్ వంటివారికి మోనోస్కీ పనికిరాదు. బైస్కీలో వారు చిరకాలము మూటలుగానే దిగిరి. 2010ల రెండవ భాగమున యూటా విశ్వవిద్యాలయములో ‘టెట్రాస్కీ’ అను సాధనము రూపొందినది. ఆసనము క్రింది రెండు స్కీలను విద్యున్మోటార్లు కదల్చును. వానికి ఆజ్ఞ ఇచ్చుటకు గడ్డముతోనో, వ్రేళ్ళతోనో కదల్పదగిన చిన్న మీట యున్నది. అదియు చేతకానివారికి నోటిలోని గొట్టమున్నది. గాలి పీల్చుట ఒక ఆజ్ఞ, ఊదుట మరియొక ఆజ్ఞ. ఎంత త్రిప్పవలెను, ఎంత వేగమున దిగవలెను అనునది ఊపిరితో నిర్ణయమగును. కండరముల పనిని మోటారునకు ఇచ్చి, నిర్ణయమును మనిషికి వదలుట ఇందలి విశేషము. బైస్కీలో జరిగినది దీనికి విపరీతము: అక్కడ కండరముతోపాటు నిర్ణయము కూడ వెనుకవానికే పోయెను.

దీనిలోను లోపములు కలవు. స్కీకి, శరీరమునకు నడుమ మోటారున్నందున మంచు యొక్క గట్టిదనము తిరిగి చేతికి తెలియదు. ఒకవైపు మాట పోవును గాని బదులు రాదు. వెనుక బోధకుడు తాడు పట్టుకొనియే యుండును. ఆ తాడు బిగువుగా నుండుట, వదులుగా నుండుట ఇప్పటికిని అతని శిక్షణపైననే ఆధారపడియున్నది; కావున ఈ యంత్రము కొను కేంద్రములు ధరతోపాటు బోధకుని శిక్షణకును లెక్క వేసికొనవలెను.

ఆ విశ్వవిద్యాలయమున్న సాల్ట్ లేక్ నగరము నుండి ఆల్టా కొండకు మోటారులో గంట ప్రయాణము. జిల్ కిన్మాంట్ 2012 ఫిబ్రవరిలో మరణించినది. ఊపిరితో మలుపు తిరుగు ఆ స్కీ మంచుపైకి వచ్చినది ఆమె మరణము తరువాతనే.